వీణకు మాత్రమే ఏసీ

ఆ కారులో ఏసీ ఉన్నది మనుషుల కోసం కాదు, వీణ కోసం. కారు కొన్న రోజునే ఉదయభాస్కర్ ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తేల్చి చెప్పేశాడు. ఇంటిల్లిపాదీ అంటే మరెవరూ లేరు, భార్య చూడామణి ఒక్కతే. కాబట్టి ఆ శాసనం ఆమె ఒక్కదాని నెత్తినే పడింది.

విజయనగరంలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఏళ్ళ తరబడి లెక్కలు చెబుతున్న మనిషి. నిద్రలో లేపి అడిగినా లెక్క తప్పడు. అలాంటివాడు కారు ఏసీలో గ్యాసూ, వంటింటి సిలిండర్లో గ్యాసూ ఒకటేనని గట్టిగా నమ్మాడు. వెలిగిస్తే ఖర్చవుతుంది, ఆపితే మిగులుతుంది. అందుకని మే నెల మిట్టమధ్యాహ్నం పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా అద్దాలు దించుకునే వెళ్ళాలి. షోరూములో వేసిన పాలిథిన్ కవర్లు ఇప్పటికీ తియ్యని సీట్ల మీద పట్టుచీర కట్టుకుని కూర్చుంటే, దిగేసరికి చీర వీపుకి అతుక్కుపోయి ఉండేది. "ఉష్షో ఉష్షో అనకే, గ్యాసు వీణకి ఉండాలి కదా" అనేవాడు. ఈ మాట విన్నప్పుడల్లా చూడామణికి ఒళ్ళు మండిపోయేది. బయట ఎండ ఎలాగూ మండుతూనే ఉండేది.

అతని భయానికి కారణం లేదనడానికి లేదు. వీణ మీద ఇత్తడి మెట్లు నిలబడేది మైనంలో. ఎండకి మైనం మెత్తబడితే మెట్టు కుంగుతుంది, మెట్టు కుంగితే స్వరం తప్పుతుంది. అప్పుడు బొబ్బిలి తీసుకెళ్ళి మెట్లన్నీ పీకించి మళ్ళీ నిలబెట్టించుకోవాలి. పైగా అది ఉదయభాస్కర్ తండ్రి అనంతపద్మనాభం గారు జీవితమంతా గుడిలో వాయించిన వీణ. ఆయన పోయాక వీణ కోడలికి వచ్చింది, దాని కాపలా కొడుక్కి వచ్చింది. కొడుక్కి సరిగమలు కూడా రావు. అందుకేనేమో కాపలా మాత్రం మహా శ్రద్ధగా చేసేవాడు.

ఏడాదికి వీణ కారెక్కేది రెండు మూడుసార్లు. ఎక్కిన ప్రతిసారీ ఏసీలోంచి వేడిగాలే వచ్చేది. వెంటనే మెకానిక్ లక్ష్ముడి దగ్గరికి పరుగు. అతను బానెట్ ఎత్తి, గేజీలు తగిలించి, ఏటా చెప్పిన మాటే మళ్ళీ చెప్పేవాడు.

"సార్, వాడకపోతేనే పాడవుతాది. వారానికోసారి, సలికాలమైనా సరే, పది నిమిషాలు ఎయ్యండి. లోపల ఆయిలు తిరగాల. తిరగకపోతే సీళ్ళు ఎండిపోయి గ్యాసు జారిపోతాది. ఈసారి లీకు ఎక్కడో సూసీమంటారా?"

"లీకు చూడ్డానికి ఎంత?"

"సూడ్డానికి పెద్ద అవ్వదు. దొరికినాక బాగు సెయ్యడానికే అవుతాది."

"గ్యాసుకో?"

"రెండున్నర వేలు."

"అయితే గ్యాసు వేసెయ్."

ఇంటికొస్తూ దారిలో చూడామణికి పాఠం. "వాడమంటాడు చూశావా? వాడితే అయిపోతుంది, అయిపోతే మళ్ళీ వాడి దగ్గరకే కదా వెళ్ళాలి. వాడి వ్యాపారం వాడిది." అతను చెప్పింది నిజమేమోనండీ, ఒక్క వారం వేసి చూద్దామండీ అని ఆమె అనని ఏడు లేదు. ఆ మాట అతని చెవికెక్కిన ఏడూ లేదు. ఆరేళ్ళలో ఆ గ్యాసుకి పోసిన డబ్బుతో లీకు బాగు చేయించగా ఇంకో మంచి చీర కూడా వచ్చేది. లెక్కల మాస్టారికి ఈ ఒక్క లెక్కా రాలేదు.

అతని జాగ్రత్త కారుతో ఆగితే చూడామణికి అంత బాధ ఉండేది కాదు. ఆమె చెయ్యి మంచి చెయ్యి. అనంతపద్మనాభం గారే ఆ మాట నలుగురిలో అన్నారు. పెళ్ళయిన కొత్తలో పొందూరు రామాలయం వాళ్ళు నవమికి వాయించమని అడిగారు. ఆ తరవాత బొబ్బిలి వాళ్ళడిగారు, కళింగపట్నంలో ఎవరో స్కూలు వార్షికోత్సవానికి అడిగారు. అడిగినవాళ్ళందరికీ ఉదయభాస్కరే జవాబు చెప్పి పంపించాడు. "చిన్న చిన్నచోట్ల వాయిస్తే చెయ్యి చవకైపోతుందే. మంచి సభ ఒకటి రానీ" అన్నాడు. అతను ద్వేషంతో అనలేదు. భార్య విద్య గొప్పదని మనసారా నమ్మే అన్నాడు. అదే ఆమెని ఏమీ అననివ్వలేదు. మంచి సభ వస్తుందని చూస్తూ చూస్తూ, ఊళ్ళో పిల్లలకి వీణ పాఠాలు చెప్పుకుంటూ చూడామణి యాభై దాటేసింది.

చివరికి ఈ ఏడు ఆ మంచి సభ వచ్చింది. శ్రీకాకుళంలో సంగీత సభ వాళ్ళు వేసవి ఉత్సవాలకి పిలిచారు. ఒక సాయంకాలమంతా ఆమెదే, గంటన్నర కచేరీ, పక్కన మృదంగం. పిలిచింది అరుణశ్రీ అని, అక్కడ పిల్లలకి వీణ నేర్పే ఆవిడ. ఫోను పెట్టేశాక చూడామణి వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఒంటరిగా నవ్వుకుంది. తరవాత భయమేసింది. వేళ్ళు మొద్దుబారకముందు రావలసిన కచేరీ ఇది. ఇదీ తప్పిపోతే ఇంకోటి రాదని ఆమెకి బాగా తెలుసు.

వీణని మెట్లు సరిచేయించడానికి బొబ్బిలి పంపారు. వారం ముందు కారులో గ్యాసు నింపించారు. "ఒకసారి వేసి చూద్దామండీ, చల్లగా వస్తోందో లేదో" అంది చూడామణి.

"వేసి చూస్తే అయిపోదూ?" అన్నాడు ఉదయభాస్కర్, ఏమీ తెలియని పిల్లకి నచ్చజెప్పినట్టు. ఆ వారమంతా కారు ఇంటిముందు తాళం వేసి ఉంది. ఏసీ మీట మీద ఎవరి చెయ్యీ పడకుండా చూసుకున్నాడు.

కచేరీ రోజు పొద్దున్నే చల్లబాటువేళ బయల్దేరి ఉంటే సగం గొడవ లేకపోయేది. పంచాంగంలో వర్జ్యం ఉందన్నాడు. ఇంత మంచి పనికి వర్జ్యంలో గుమ్మం దాటడానికి ససేమిరా అన్నాడు. వర్జ్యం వెళ్ళి, వీళ్ళు బొబ్బిలి చేరి, వీణ తీసుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చేసింది. వీణలు చేసే ఆయన వీణని బొంతలో చుట్టి వెనకసీట్లో పడుకోబెడుతూ, "అమ్మా, మైనం ఇంకా పచ్చిగున్నాది. నిన్న రాత్రే పూర్తి చేశాం. ఈ పూటకి వేడి తగలనీకండి" అన్నాడు.

"ఏసీ ఉందయ్యా" అన్నాడు ఉదయభాస్కర్ గర్వంగా. అద్దాలన్నీ పైకెత్తి, పూజ మొదలుపెట్టినంత భక్తిగా మీట తిప్పాడు.

చల్లగానే వచ్చింది. ఊరి పొలిమేర దాటేదాకా. ఆ తరవాత గాలి చల్లదనం తగ్గుతూ తగ్గుతూ పోయి, రాజాం ఇంకా రాకముందే పొయ్యి మీంచి వచ్చినట్టు తగలడం మొదలుపెట్టింది. చూడామణి గాలి ముందు అరచెయ్యి పెట్టి చూసింది. మొగుడి మొహంలోకి చూసింది.

"కాసేపు ఆపితే మళ్ళీ అందుకుంటుంది" అన్నాడు.

ఆపాడు. అద్దాలు మాత్రం దించనివ్వలేదు, లోపలున్న చలవ పోతుందట. లోపల చలవ ఎక్కడుందో అతనికే తెలియాలి. మళ్ళీ వేశాడు, మళ్ళీ వేడిగాలి. పాలిథిన్ సీటు మీద చెమటలు కారిపోతుంటే చూడామణికి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి.

"అద్దాలు దించండి."

"దుమ్ము పడుతుందే, వీణ మీద..."

"దించుతారా, నన్ను దిగిపొమ్మంటారా?"

దించాడు.

రాజాంలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తే ఆగారు. మెకానిక్ పేరు దేవేంద్ర. ఫోన్లో ఎవరితోనో గొడవపడుతూనే వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. తీరుబడిగా ఫోను జేబులో పెట్టుకుని, "గ్యాసు లేదు సార్" అన్నాడు.

"ఎలా లేదయ్యా? వారం క్రితమే నింపించాం!"

"నింపితే ఏటి సార్, జారిపోనాది. ఇదిగో సూడండి, కంప్రెసరు మూతి కాడ నూనె కారి మట్టి పట్టీసింది. సీలు ఎండిపోనాది. బండిలో ఏసీ వాడరేటి?"

"వాడం! జాగ్రత్తగా ఉంచుకుంటాం."

దేవేంద్ర అతన్ని ఒకసారి చూసి, చేతులు తుడుచుకున్నాడు. గ్యాసు వెయ్యమన్నాడు ఉదయభాస్కర్. కరెంటు పోనాది, నాలుగింటికి గానీ రాదు, మిషను ఆడదన్నాడు దేవేంద్ర. వచ్చాక వేసినా శ్రీకాకుళం దాకా ఉంటుందో, పొందూరు కాడ జారిపోతుందో తన పూచీ లేదన్నాడు. "కంప్రెసరే మార్సుకోండి. ఇరవై వేలు పైమాటే. వైజాగ్ నుంచి తెప్పించాల, రేపు సాయంత్రానికి వస్తాది."

"రేపా?" అన్నాడు ఉదయభాస్కర్. "మాకు కచేరీ ఇవాళ."

"ఇవాళయితే ఏటి సెయ్యలేను సార్" అంటూ దేవేంద్ర మళ్ళీ ఫోను తీశాడు.

ఇద్దరు మగవాళ్ళూ ఇంజనులోకి చూస్తుంటే చూడామణి వెనక తలుపు తీసి, బొంత విప్పింది. కింది మెట్లు బాగానే ఉన్నాయి. పైస్థాయి మెట్లు నాలుగు ఒక పక్కకి ఒరిగిపోయాయి. ఒకదాన్ని వేలితో నెమ్మదిగా నిలబెట్టబోతే మైనంలో ఆమె వేలిముద్ర దిగిపోయింది. బొంత మళ్ళీ కప్పకుండా అక్కడే కారు గుమ్మంలో కూలబడింది.

"ఏమైందే?" అని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమవుతుంది? మీరు దాచారు, పోయింది."

"నేనేం చేశానే? వీణ కోసమే కదా..."

"వీణ కోసమే. అంతా వీణ కోసమే, అంతా నా కోసమే!" ఆమె గొంతు పైకి లేచింది. దేవేంద్ర ఫోనుతో సహా షెడ్డు వెనక్కి వెళ్ళిపోయాడు. "గ్యాసు దాచారు, అది ఎండి చచ్చింది. నన్నూ అలాగే దాచారు. చిన్నచోట్ల వద్దన్నారు, చెయ్యి చవకైపోతుందన్నారు. ఇన్నేళ్ళు గోడకి వాయించానండీ. ఇవాళ మంచి సభ వచ్చింది. చూడండి, నా వీణ ఎలా ఉందో! ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

ఉదయభాస్కర్ ఒరిగిన మెట్ల మీదకి వంగి చూశాడు. అతనికి అర్థమైందో లేదో చూడామణి అప్పుడు పట్టించుకోలేదు. పాతికేళ్ళుగా గొంతులో అడ్డంపడ్డ మాట ఎండలో, రోడ్డు మీద, ఒక పరాయి మెకానిక్ వినేలా బయటికి వచ్చేసింది. సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు. అరుణశ్రీకి ఫోను చేసింది.

"అయ్యో, దానికేటక్కా?" అంది అరుణశ్రీ అంతా విని. "మా యమున వీణ ఉన్నాది. మామూలు వీణే, కానీ మెట్లు గట్టిగున్నాయి. మీరు వొచ్చీయండి ముందు."

"యమున ఎవరు?" అన్నాడు ఉదయభాస్కర్ కారు నడుపుతూ.

"ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్ల."

"పిల్లల వీణ మీదా? సభలోనా? చూడామణీ, ఆరోగ్యం బాలేదని చెప్పేద్దాం. పరువు దక్కుతుంది. వచ్చే ఏడు మళ్ళీ పిలుస్తారు."

చూడామణి తువ్వాలు సీసాలో నీళ్ళతో తడిపి వీణ పక్క కిటికీకి వేలాడదీసింది. పొందూరు వచ్చింది, వెళ్ళిపోయింది. వడగాడ్పు చెవుల్లో హోరుమంది. ఆమె ఒళ్ళో చెయ్యి పెట్టుకుని వేళ్ళు కదుపుతూనే కూర్చుంది.

శ్రీకాకుళం చేరాక యమున వీణ చూసి ఉదయభాస్కర్ నుదురు కొట్టుకున్నాడు. గుండ్రటి కాయ మీద రంగు పెచ్చులూడింది. రోజూ ఆటోలో ఎక్కించి దించి పొడుగాటి దండి మీద గీతలు పడ్డాయి. కొసన చెక్కిన సింహపు తల, యాళి, దాని చెవికి ఎవరో పిల్ల గులాబీరంగు రిబ్బను కట్టింది. చూడామణి రిబ్బను విప్పకుండానే ఒళ్ళోకి తీసుకుని తంత్రులు సవరించింది. మెట్లు ఎండలూ వానలూ చూసి రాయిలా గట్టిపడి ఉన్నాయి. అన్ని స్వరాలూ చక్కగా పలికాయి.

వీణ బాగానే ఉంది. చెయ్యే బాలేదు.

తెర తీశాక ఎదురుగా నూటయాభై మంది ఉంటారు. మైకులోంచి తన మీటు తనకే కొత్తగా వినిపించింది. ఇంట్లో కళ్ళు మూసుకుని వాయించే వర్ణం మధ్యలో ఎడమచెయ్యి ఒక మెట్టు తప్పింది. తప్పు దాచుకోబోయి కాలం పెంచేసింది. మృదంగం ఆయన పెద్దమనిషి, వెంట పరిగెత్తి పట్టుకున్నాడు. రెండో కృతిలో పల్లవిని మార్చి మార్చి వాయించే సంగతుల్లో ఒకటి మర్చిపోయి పక్కదాంతో సరిపెట్టింది. నెలల తరబడి సాధన చేసిన తోడి ఆలాపన మొదలుపెడదామనుకుని, ధైర్యం చాలక వదిలేసింది. ముందు వరసలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఆ వాచీ చూపు ఆమె వేళ్ళదాకా వచ్చింది.

చివర్లో, ఇక ఎలాగూ పోయిందనుకున్నాక, తాళం లేకుండా సాగే ఒక చిన్న తానం ఎత్తుకుంది. దాని మధ్యలో ఎక్కడో చెయ్యి దారిలో పడింది. భయం మర్చిపోయి వాయించింది. కాసేపే. ఇంట్లో గోడ ముందు ఎన్నడూ పలకని నాదం అప్పుడు పలికింది. వింటున్నవాళ్ళు కదలకుండా కూర్చున్నారని చూడకుండానే తెలిసింది. అది అయిపోయేసరికి ఇవ్వవలసిన గంటన్నరలో ఇంకా బోలెడు మిగిలే ఉంది, కానీ ఆమె దగ్గర వాయించడానికి ఇంకేమీ లేదు. మంగళం పాడినట్టు వాయించి దండం పెట్టేసింది. చప్పట్లు మర్యాదగా వినిపించాయి. శాలువా కప్పారు.

లోపలి గదిలో అరుణశ్రీ కాఫీ తెచ్చిచ్చింది. దాపరికం లేని మనిషి. "వర్ణంలో తడబడ్డారక్కా. మైకు అలవాటు లేదు కదేటి. తానం మాత్రం... ఒక్కసారి కాదు, పదిసార్లు వినాలనిపించింది" అంది. ఇంకా ఏదో చెప్పింది. చూడామణి ఏదో జవాబు చెప్పింది. ఉదయభాస్కర్ అప్పుడు బయట మెట్లు ఒరిగిన తమ వీణని కారెక్కిస్తున్నాడు.

తిరుగుదారిలో అద్దాలు దించే ఉన్నాయి. హైవే మీద లారీలు దాటిపోతున్నాయి. చివరికి అతనే అన్నాడు, చాలా మెత్తగా, నిజంగా బాధపడుతూ.

"నువ్వు అనుకున్నట్టు కుదరలేదు. నాకు తెలుసు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. రేపే ఇరవై వేలూ పడేసి కంప్రెసరు మార్పించేస్తాను. వీణ మెట్లు మళ్ళీ కట్టిద్దాం. ఈసారి అన్నీ సిద్ధంగా ఉంచుకుని, మంచి సభ ఏదైనా వస్తే..."

"శుక్రవారం వాయిస్తున్నాను" అంది చూడామణి.

"ఏ శుక్రవారం?"

"ఈ శుక్రవారం. శ్రీకాకుళంలోనే, అరుణశ్రీ వాళ్ళ వీధి చివర అమ్మవారి గుళ్ళో. ప్రతి శుక్రవారం ఆవిడ పిల్లల్ని కూర్చోబెట్టి వాయిస్తుందట. పదిమంది వస్తారు, అదీ ప్రసాదానికి. నన్నూ రమ్మంది. ప్రతి వారం వస్తానని చెప్పేశాను."

అతను కారు నెమ్మది చేశాడు. నన్నొక్క మాట అడగలేదేం అని అనబోయాడు. ఆమె మొహం చూసి ఆ మాట మింగేశాడు. అతనికి ఇంకా నచ్చజెప్పాలనే ఉంది. ఇన్నేళ్ళలో ఆమె ఇలా చెప్పడం ఇదే మొదలు.

"అలాగేలే. కానీ ఈ శుక్రవారమంటే నాలుగు రోజులే ఉన్నాయి. కంప్రెసరు వస్తుందో రాదో. మన వీణ మెట్లు ఎండవలసినంత ఎండవు. ఏ వీణ మీద వాయిస్తావే?"

"ఏది దొరికితే దాని మీద" అంది చూడామణి.